శెట్టిగారి గొంతు, రత్నం గారి పెట్టె

2022 వేసవి. మద్రాసు తొండియార్‌పేటలో, హార్బరుకు పోయే కంటైనర్ లారీల రోడ్డుకు ఒక సందు లోపలగా, పెళ్లిపత్రికలు అచ్చేసే షాపు పై అంతస్తులో నా రికార్డింగ్ స్టూడియో ఉంది. రెండే గదులు. ఒకటి పాడేవాళ్లు కూర్చునేది. గోడల నిండా స్పాంజి, తలుపు వెనక ఇంకో తలుపు. అంత చేసినా లారీ హారన్ ఎప్పుడో ఒకసారి లోపలికి వస్తూనే ఉంటుంది. రెండోది కంట్రోల్ రూమ్, అంటే కంప్యూటర్ ముందు నేను కూర్చునే గది. మధ్యలో మందపాటి అద్దం.

మాది వ్యాసర్పాడి. చిన్నప్పుడు చర్చి క్వాయిర్లో పాడేదాన్ని. నా పాట అంతంతమాత్రమేనని తొందరగానే తెలిసింది, చెవి మాత్రం బాగా పనిచేస్తుందని మా మాస్టరు అన్నారు. ఆ చెవినే నమ్ముకుని సినిమా స్టూడియోల్లో అసిస్టెంటుగా చేరాను, తర్వాత సొంతంగా ఈ గదులు అద్దెకు తీసుకున్నాను. చర్చి పాటలవాళ్లు, ఆటోలో మైకు పెట్టి తిప్పే ప్రకటనలవాళ్లు, భజన గోష్ఠులవాళ్లు, మనవరాలి పుట్టినరోజుకు పాట పాడి వినిపించాలనుకునే తాతలు, అందరూ వస్తారు. వచ్చిన ప్రతివాళ్లూ చెప్పే మొదటి మాట ఒకటే. "నాకు ఒక్క టేక్ చాలమ్మా." టేక్ అంటే ఆపకుండా ఒకసారి పాడటం. ఆ మాట విన్నప్పుడల్లా ఇంటికి ఫోన్ చేసి ఈరోజు ఆలస్యమవుతుందని చెప్పేస్తాను.

ఇందులో వాళ్ల తప్పు కూడా లేదు. మన గొంతు మనకు రెండు దారుల్లో వినిపిస్తుంది. ఒకటి గాలిలోంచి, రెండోది పుర్రె ఎముకలోంచి. ఎముకలోంచి వచ్చేది నిండుగా, బరువుగా ఉంటుంది. అది ఊళ్లో ఇంకెవరికీ వినపడదు. ఆ గొంతుతోనే మనిషి జీవితమంతా గడిపేస్తాడు. తీరా ఇక్కడికొచ్చి, ఎముక లేని గొంతు స్పీకర్లో విన్నాక, మైకు బాగాలేదంటాడు. మైకును, వైరును, ఏసీని, నన్ను, అందరినీ తిట్టడం అయ్యాక కొంచెం కాఫీ తాగి మళ్లీ పాడతాడు. ఇన్నేళ్లలో నాకు ఇది అలవాటై, విసుగు కూడా అరిగిపోయింది.

ఆ వేసవిలో నరసింహులు శెట్టిగారు వచ్చారు. పప్పుధాన్యాల హోల్‌సేల్ వ్యాపారం. తాతల కాలం నుంచి మద్రాసులోనే ఉన్న కుటుంబం. తమ వీధి భజన మందిరంలో ముప్పై ఏళ్లుగా శనివారం శనివారం ఆయనే ముందు పాడతారు, గోష్ఠి వెనక అందుకుంటుంది. తాను లేని రోజుల్లో కూడా పొద్దున్నే మందిరంలో తన పాట మోగాలని ఆయన కోరిక. అందుకని కొన్ని కీర్తనలు రికార్డు చేయించాలనుకున్నారు. మృదంగం, తాళాలవాళ్లతోపాటు హార్మోనియం వాయించే మునిరత్నం గారిని వెంటబెట్టుకొచ్చారు. రత్నం గారు రైల్వే యార్డులో వ్యాగన్ల రిపేరు పని చేసి రిటైరైన మనిషి. మా వ్యాసర్పాడివారే. భార్య పోయింది, కూతురు మాధవరంలో ఉంటుంది. వీధిలో ఆయన్ని అందరూ భజన పెట్టె రత్నం అంటారు. ఆ పేరు, ఆ శనివారం తప్ప ఆయనకు వేరే వ్యాపకం లేదు.

"ఏమ్మా, ఈడ ఏసీ కొంజం తగ్గించు, గొంతు పట్టేస్తాది," అన్నారు శెట్టిగారు లోపలికి వస్తూనే. "రిహార్సలూ గిహార్సలూ నాకొద్దు. సుమ్మా, ఊరికే మైకు పెట్టు, చాలు. ఒక్క టేకు."

"శెట్టిగారు పాడితే మండపం అదురుతాదమ్మా," అన్నారు రత్నం గారు, పెట్టె మీది గుడ్డ విప్పుతూ.

ముందుగా గైడ్ ట్రాక్ తీశాను. పాట ఎంత పొడుగు, ఎంత వేగం అని తెలియడం కోసం అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి తీసే చిత్తుప్రతి అది. శెట్టిగారి గొంతు బాగుంది. ఆ మాట ముందే చెప్పాలి. పెద్ద గొంతు, మంచి దమ్ము, పదం పదానికీ ప్రాణం పెడతారు. నాకు ఒళ్లు పులకరించింది. ఇన్నాళ్లకు ఒక్క టేకుతో అయిపోయే మనిషి దొరికాడనుకున్నాను.

అప్పుడు అద్దంలోంచి రత్నం గారి చేతులు చూశాను.

ఇక్కడ శ్రుతిని కట్టై లెక్కలో చెప్తారు. ఒకటి, ఒకటిన్నర, రెండు, అలా పైకి పోయే మెట్లు. ఎక్కడ మొదలుపెడితే పాట అయిపోయేదాకా అక్కడే ఉండాలి. శెట్టిగారు ఒకటిన్నర కట్టైలో మొదలుపెట్టారు. భక్తి పెరిగేకొద్దీ ఆయన గొంతు మెల్లగా పైకి జరుగుతోంది. ఆ సంగతి ఆయనకు తెలియదు. గొంతు మరీ దూరం పోయేసరికి అందరూ కలిసి "గోవిందా" అని కేక వేసే చోటు వచ్చింది. తాళాలు గట్టిగా మోగాయి. ఆ మోతలో రత్నం గారు శ్రుతి పట్టే బిరడా ఒకటి లోపలికి నొక్కి, ఇంకొకటి బయటికి లాగి, వేళ్లు ఒక మెట్టు పైకి జరిపేశారు. కేక అయిపోయి శెట్టిగారు మళ్లీ పాట అందుకునేసరికి హార్మోనియం ఆయన దగ్గరే ఉంది. చివరి చరణానికి ముందు ఇంకోసారి. ఒకటిన్నరలో మొదలైన పాట రెండున్నరలో ముగిసింది. గదిలో ఎవరికీ ఏమీ తెలియలేదు.

అలాంటి పనితనం నేను సినిమా స్టూడియోల్లో కూడా చూడలేదు. కానీ మా దగ్గర అది పనికిరాదు. అసలు రికార్డింగులో ఒక్కొక్కరిని విడివిడిగా తీస్తాం. ఒక్కొక్కరిది ఒక ట్రాక్. ముందు హార్మోనియం, మృదంగం. ఆఖర్న, హెడ్‌ఫోన్‌లో అవి వింటూ గొంతు. రత్నం గారు తన వంతు వచ్చినప్పుడు ఒకటిన్నరలో మొదలుపెట్టి ఒకటిన్నరలోనే ముగించారు. ఒక్క తప్పు లేదు.

తర్వాత శెట్టిగారు పాడారు. అందరిలాగే ఆయన కూడా హెడ్‌ఫోన్ ఒక చెవి మీద నుంచి తీసేసి, తన గొంతు తాను వింటూ పాడారు. సగం పాట దాటేసరికి గొంతు ఒక దారి, హార్మోనియం ఒక దారి. ఆయనే ఆపేశారు.

"ఏయ్ రత్నం! ఏంది, పెట్టె కిందికి పోతా ఉండాది?"

రత్నం గారు అప్పుడు కంట్రోల్ రూమ్‌లో నా పక్కనే కూర్చుని ఉన్నారు. ఆయన టాక్‌బ్యాక్ వైపు వంగారు. లోపలివాళ్లతో మాట్లాడేందుకు మా దగ్గరుండే చిన్న మైకు అది. "అవును సామీ. నాదే తప్పు. మళ్లీ వాయిస్తా," అన్నారు.

నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

మళ్లీ వాయించారు. మళ్లీ అదే జరిగింది. మర్నాడు ఇంకో కీర్తన మొదలుపెట్టాం, అక్కడా అంతే. ప్రతిసారీ శెట్టిగారు లోపలి నుంచి అరవడం, ఈయన తప్పు ఒప్పుకోవడం. మృదంగం వాయించే ఆయన ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. చివరికి శెట్టిగారు తలుపు తోసుకుని బయటికొచ్చి అందరి ముందూ అన్నారు: "వయసైపాయ నీకు. చెవి పోయినాది. ఇంటికి పోయి పొణుకో."

రత్నం గారు పెట్టె మూసి గుడ్డ చుట్టారు. చేత్తో కళ్లు తుడుచుకున్నారు. నేను కాఫీ తెప్పిస్తానని మెట్ల దగ్గరికి తీసుకెళ్లాను.

"నిజం ఎందుకు చెప్పరు సార్? తప్పు మీది కాదుగదా."

"చెప్పి?" అన్నారు ఆయన. "మొదటి తడవ మార్చింది వాళ్ల నాయన పోయినప్పుడమ్మా. కర్మ అయిన శనివారం. గొంతు పైకి పోతా ఉండాది, ఏడుస్తా పాడతా ఉండాడు. ఆ పొద్దు ఆయప్పకు సుతి చెప్తామా? నేనే జరిగినా. పై వారం గూడా సుతి దాటి పోయినాడు, నేనూ వెంట పోయినా. అట్టా అలవాటైపాయ. ఇన్నేండ్ల తర్వాత ఏమని చెప్పేది?"

"ఇక్కడైనా చెప్పాల్సింది."

"ఈడ గూడా ఎట్టాగో సర్దుకుంటాలే అనుకున్నా." కొంచెం సిగ్గుపడ్డారు. "ఆయన యాడికి పోయినా పట్టుకొస్తా నేను. నా చెయ్యి నీకు తెలీదు."

ఆ చివరి మాటలో ఉన్న గర్వం నాకు వింతగా తోచింది. తిట్లు తిని కళ్లలో నీళ్లు పెట్టుకున్న మనిషి కూడా ఆ మాట అనేటప్పుడు నిటారుగా నిలబడ్డారు. ఎవరి నోటా పొగడ్త వినని పనికి ఆయనే తనకు మార్కులు వేసుకుంటూ వచ్చారు కాబోలు.

మూడోరోజు శెట్టిగారు ఒక్కరే వచ్చారు. రత్నం పెట్టె తీసేసి కీబోర్డు పెట్టమన్నారు. పెట్టాను. నాకు ఆ మాత్రం వాయించడం వచ్చు. దాని మీద ఆయన పాటంతా పాడారు. గొంతుకు పిచ్ కరెక్షన్ చేశాను. శ్రుతి తప్పిన స్వరాన్ని మౌసుతో పట్టుకుని సరైన చోటికి జరపడాన్ని అలా అంటారు. ఈ స్టూడియోలోంచి అది చేయకుండా బయటికి పోయిన పాటలు తక్కువ. చేయించుకున్నవాళ్లలో చాలామందికి చేశానని కూడా తెలియదు. ఎవరూ అడగరు, నేనూ చెప్పను. ఇది మా పనిలో భాగం.

పాట వినిపించాను. శెట్టిగారు కళ్లు మూసుకుని విన్నారు. అయిపోయాక తొడ మీద చరిచారు.

"చూసినావామ్మా! పెట్టె తీసేస్తే ఎట్టా ఉండాదో! ఇన్నాళ్లూ వాడే నన్ను కిందికి లాగుతా వచ్చినాడు. మంచోడని ఊరుకున్నా. ఇంక మందిరంలో గూడా వాణ్ణి పెట్టుకునేది లేదు." అని జేబులోంచి ఫోన్ తీశారు. "ఈ శనివారం నుంచి రావొద్దని చెప్పేస్తా. మా చిన్నోడి స్నేహితుడొకడు కీబోర్డు వాయిస్తాడు."

రోజూ చేసే పనే చేశాను. దాన్ని కత్తిలా ఒక మనిషి మెడ మీద పెడుతున్నారు. రత్నం గారు ఆ శనివారం ఎక్కడ కూర్చుంటారు? ఇంట్లో ఆ పెట్టెకు ఎదురుగా ఒక్కరే కూర్చుంటారా?

"సార్, ఫోన్ ఒక్క నిమిషం ఆపండి," అన్నాను. "ఇంకోటి వినాలి మీరు."

కరెక్షన్ తీసేసి, ఆయన అసలు ఎలా పాడారో అలాగే పెట్టాను. రత్నం గారి హార్మోనియం ట్రాక్ కలిపి వినిపించాను. శెట్టిగారి ముఖం మాడిపోయింది.

"ఇది నా గొంతు కాదు. మెషినేదో చేసినాది."

"మెషిన్ ఏమీ చేయనిది ఇదే సార్. ఇందాక మీరు మెచ్చుకున్నదే మెషిన్ చేసింది."

ఆయన లేచి నిలబడ్డారు. "నాకు సుతి తెలవదంటావా? ఎంతమందికి నేర్పించినా తెలుసా నేను? నీ వయసెంత?"

ఇలాంటివి చాలా చూశాను. మామూలుగా నేను వాదించను, ఓపిక లేదు. కానీ ఆయన చేతిలో ఫోన్ ఇంకా వెలుగుతోంది. మొదటిరోజు గైడ్ ట్రాక్ బయటికి తీశాను. అందులో అందరూ కలిసే ఉన్నారు గానీ, హార్మోనియం ముందు విడిగా ఒక మైకు పెట్టి ఉంచాను. దాన్ని పెంచాను.

"మీ గొంతు వినొద్దు సార్. పెట్టె మాత్రం వినండి. మొదటి వాక్యం. ఇప్పుడు ఆఖరి వాక్యం."

ఆయన నిలబడే విన్నారు. నిజానికి ఆయనకు శ్రుతి తెలుసు. పక్కవాడిది ఇట్టే పట్టేస్తారు. తనది పట్టుకోవడమే రాదు.

"ఇది ఒకటిన్నర," అన్నారు నెమ్మదిగా. "ఇది రెండున్నర గదా? రెండు పాటలా ఇవి?"

"ఒకటే పాట సార్. ఒకటే టేక్."

మొదటి నుంచి మళ్లీ పెట్టమన్నారు. కుర్చీలో కూర్చుని ముందుకు వంగారు. "గోవిందా" అన్న కేక వచ్చినప్పుడు ఆయన వేలు పైకి లేచింది. "ఈడ మార్చినాడు." రెండో కేక దగ్గర మళ్లీ. "ఈడ గూడా. దేవుడి పేరు అడ్డం పెట్టుకుని మార్చినాడు, దొంగ." కోపంగా అనలేదు. గొంతు బాగా తగ్గిపోయింది.

"ఎన్నాళ్లనించీ చేస్తా ఉండాడు?"

"అది ఆయన్నే అడగాలి సార్."

ఫోన్ జేబులో పెట్టుకున్నారు. మెట్లు దిగి వెళ్లిపోయారు. పాట తీసుకోలేదు, కారుదాకా వెళ్లి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. భజన గోష్ఠులవాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటారు కాబట్టి నాకు ఇంకా కొన్ని పాటలు పోయినట్టేననుకున్నాను. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి దగ్గర్నుంచి ముప్పై ఏళ్ల సంతోషాన్ని ఒక మధ్యాహ్నంలో లాగేశాను. రత్నం గారి చోటు నిలిచిందో లేదో కూడా తెలియలేదు. ఫోన్ చేసి అడగడానికి మనసొప్పలేదు.

కొన్ని వారాల తర్వాత ఇద్దరూ కలిసి వచ్చారు. శెట్టిగారు కాస్త చిక్కినట్టు కనిపించారు. వాళ్లిద్దరి మధ్య ఏం మాటలు జరిగాయో నాకు ఇప్పటికీ తెలియదు.

"అమ్మా, ఆ ముక్కలు ముక్కలుగా తీసేది వొద్దు," అన్నారాయన. "ఇద్దరం ఒకటే గదిలో కూర్చుంటాం. తాళాలు వొద్దు, కేకలు వొద్దు. ఒక పాట చాలు."

లోపల చాప మీద ఎదురెదురుగా కూర్చున్నారు. రికార్డు మొదలుపెట్టబోతుండగా హెడ్‌ఫోన్‌లో నాకు వాళ్ల మాటలు వినిపించాయి.

"రత్నం, ఈ తడవ నువ్వు మార్చబాకు. నేను పోతే పోతా. నువ్వు ఆడే ఉండు. నేనే తిరిగొస్తా."

"అది నా చేత కాదు సామీ."

"అయితాది. వాయించు."

ఆయన పాడారు. మునుపటి గొంతు కాదది. మెల్లగా, వెతుక్కుంటున్నట్టు పాడారు. మొదటి చరణంలోనే గొంతు పైకి జరిగింది. అద్దంలోంచి చూస్తున్నాను. రత్నం గారి కుడిచేయి తనంతట తాను లేచింది. మళ్లీ తనే దాన్ని కిందికి దించుకుని, పళ్లు బిగబట్టి, ఆ ఒకటిన్నర కట్టైనే పట్టుకుని కూర్చున్నారు. శెట్టిగారు ఇంకొంచెం దూరం పోయారు. పాట మధ్యలో ఆగారు. హార్మోనియం ఒక్కటే మోగుతోంది. ఆయన తల వంచి దాన్ని విన్నారు, వెతుక్కుని, కిందికి దిగి వచ్చి కలిశారు. అలా పాట పొడుగునా పోవడం, ఆగడం, రావడం. రత్నం గారి కళ్లలోంచి నీళ్లు కారి పెట్టె మీద పడుతున్నాయి. తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు.

అయ్యాక శెట్టిగారు కంట్రోల్ రూమ్‌కు వచ్చి, హెడ్‌ఫోన్ రెండు చెవులకూ పెట్టుకుని మొత్తం విన్నారు.

"అంత బాగా లేదు గదమ్మా?"

"లేదు సార్," అన్నాను. "కావాలంటే సరిచేసి ఇస్తాను."

ఆయన హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టారు. "వొద్దు. ఇదే ఇయ్యి."

ఆయన కిందికి వెళ్లాక రత్నం గారు పెట్టెకు గుడ్డ చుడుతూ కాస్త ఆలస్యం చేశారు. పని నిలిచినందుకు సంతోషంగా ఉన్నారేమోనని అడిగాను. ఆయన గుడ్డ ముడి బిగించారు.

"శనివారాలు రమ్మన్నాడులే," అన్నారు. "అయితే ఇంక నాకు ఆడ ఏం పని ఉంటాదమ్మా, పెట్టె వాయించేది తప్ప?"

ఈ పనిలో నేను నేర్చుకున్నవాటిలో ఎక్కువ భాగం చెవికి సంబంధించినవే. ఈ ఒక్కటి మాత్రం కాదు. తన పాట గొప్పదని నమ్మే మనిషిని చూస్తే ఇదివరకు ఆ మనిషి మీదే విసుక్కునేదాన్ని. ఇప్పుడు పక్కన ఎవరు కూర్చున్నారో చూస్తాను. తప్పు వినపడకుండా ఎవరో ఒకరు ప్రేమతోనో, మొహమాటంతోనో, భయంతోనో జరుగుతూ ఉంటారు. ఒక రోజు ఆ తప్పు బయటపడితే తిట్లు కూడా వాళ్లకే. శెట్టిగారికి తన గొంతు మీద ఎంత నమ్మకముండేదో, తాను జరగకపోతే ఆ గొంతు నిలవదని రత్నం గారికీ అంత నమ్మకముండేది. రెండూ నిజం కాదని ఆ చాప మీద తేలిపోయింది. ఇద్దరిలో ముందు తేరుకున్నది పాడిన మనిషే.